భూపాలమా, భూపాలియా?

“పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి” యని పెద్దలు చెప్పుదురు. నాలుక విషయమున ఈ మాటను అందరును ఒప్పుకొందురు. ఒకనికి గోంగూర ప్రియము, మరియొకనికి వంకాయ ప్రియము. అందుకై ఎవ్వరును తగవులాడుకొనరు. చెవి విషయము వచ్చినప్పుడు మాత్రము ఈ సామెత ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. తనకు నచ్చిన పాట లోకమునకంతకును నచ్చవలెనని ప్రతివాడును కోరును. నచ్చనివానికి సంగీతజ్ఞానమే లేదని తీర్మానించును. మిత్రులు కూడినచోట జరుగు వినోదపు తగవులలో సంగీతమును గూర్చినది మిక్కిలి సొగసైనది. అది ఎట్లు పుట్టునో, ఎందుకు తెగదో తెలిసికొనదగియున్నది.

ఇద్దరు మిత్రులున్నారని ఊహింపుడు. ఒకని నివాసము కామారెడ్డి. సికిందరాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుమార్గముమీద నున్న పట్టణమది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన అది జిల్లా కేంద్రమైనది. రెండవవానిది అదే జిల్లాలోని ఎల్లారెడ్డి. మంజీరా నదిపై కట్టిన నిజాంసాగరము ఆ యూరికి చేరువలోనే కలదు. వీరు బంధువులు కారు. అయినను ఒకరినొకరు “బావా” యని పిలుచుకొందురు. ఆ పిలుపునందే సగము పరిహాసము కలదు. ఈ జిల్లా పడమటి అంచున మహారాష్ట్రమును, కర్ణాటకమును తగులుచున్నందున ఇచ్చట త్యాగరాజ కీర్తనలును వినవచ్చును, హిందూస్థానీ బాణీ భజనలును వినవచ్చును. తగవునకు ఇంతకంటె అనువైన చోటు ఏమి కావలెను?

ఒకనాడు కామారెడ్డి మిత్రుడు, “బావా! తెల్లవారుజామున వినదగిన రాగము భూపాలము” అనెను. ఎల్లారెడ్డి మిత్రుడు పకపక నవ్వి, “నీకు రాగమును తెలియదు, ప్రొద్దును తెలియదు. దానిని పాడునది రాత్రి తొలిజామున. మా ఊరి భజనలో హార్మోనియము వాయించు ముసలాయన నోట విన్నాను” అనెను. “తెల్లవారుజామునే!” “కాదు, రాత్రియే!” అని ఒక గడియ గడిచినది. తేనీరు చల్లారినది. ఎవ్వరును తగ్గలేదు.

నిజమునకు ఇద్దరు చెప్పినదియు సత్యమే. కర్ణాటక సంగీతమున భూపాలము కలదు, హిందూస్థానీ సంగీతమున భూపాలి కలదు. ఆ రెండును వేఱు రాగములు. భూపాలమున శుద్ధ రిషభము, సాధారణ గాంధారము, శుద్ధ ధైవతము వచ్చును. అది ప్రాతఃకాల రాగము. భూపాలిని రాత్రి మొదటి జామున పాడుదురు. దాని స్వరములు కర్ణాటక సంగీతములోని మోహన రాగపు స్వరములే. చూచితిరా వింత! పేరు కలిసినవి వేఱు రాగములు, పేరు కలియనివి స్వరములయందు ఒక్కటి. మిత్రులిద్దరును ఒకే మాటతో రెండు వస్తువులను చూపుచు, ఒకే వస్తువును గూర్చి పోరాడుచున్నామనుకొనిరి. లోకమున సగము తగవులు ఇట్టివే.

మాటలోని ఈ చిక్కును మన తార్కికులు ప్రాచీనకాలముననే గుర్తించిరి. గౌతముని న్యాయసూత్రములయందు దీనికి సంబంధించిన కపటమునకు ‘ఛలము’ అని పేరు. వ్యాఖ్యాతయగు వాత్స్యాయనుడు దీనికొక చక్కని ఉదాహరణము నిచ్చెను. క్రొత్త కంబళి కప్పుకొన్న బాలకుని చూచి ఒకడు, “వీడు నవకంబళుడు” అనును. ‘నవ’ యనగా క్రొత్త యనియు అర్థము, తొమ్మిది యనియు అర్థము. వెంటనే రెండవవాడు, “తొమ్మిది కంబళు లెక్కడ? ఉన్నది ఒక్కటియే గదా!” యని ఆక్షేపించును. అతనికి అసలు అర్థము తెలియకపోలేదు. గెలువవలెనను కోరికచే తెలియనట్లు నటించును. మన మిత్రులు చేసినది ఛలము కాదు, నిజమైన పొరపాటే. అయినను రెంటికిని మందు ఒక్కటియే: “ఏ అర్థమున అంటివి?” అని ముందుగా అడుగుట.

వాదోపవాదములను గౌతముడు మూడు విధములుగా చెప్పెను. సత్యము తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే గురిగా చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక ఎదుటివాని మాటను పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. నేటికిని మొండివాదము చేయువానిని వితండవాది యనుచున్నాము గదా. తార్కికులపై హాస్యకథలును లేకపోలేదు. గిన్నె నేతికి ఆధారమా, నేయి గిన్నెకు ఆధారమా యను సందేహము కలిగి ఒక పండితుడు గిన్నెను తలక్రిందులు చేసి చూచెనట. సందేహము తీరినది, నేయి నేలపాలైనది. ఈ శాస్త్రమును బాలురకు సులభముగా బోధించుటకై తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన 17వ శతాబ్దమువాడు. ఆ చిన్న గ్రంథముతోనే నేటికిని అనేకులు తర్కమును ప్రారంభించుచున్నారు.

మిత్రుల రెండవ తగవు మొదటిదానివలె తేలికయైనది కాదు. ఎల్లారెడ్డి మిత్రునికి చిందు యక్షగానమన్న ప్రాణము. చిన్ననాడు తాత భుజముపై కూర్చుండి రాత్రులంతయు ఆ ఆట చూచినవాడు. ఈ ప్రాంతమున చిందు కళకు గొప్ప పేరు తెచ్చిన చిందు ఎల్లమ్మ 2005వ సంవత్సరమున మరణించినది. ఆమె మాట వచ్చినప్పుడు కామారెడ్డి మిత్రుడు ఆలోచింపక, “ఆట బాగుండవచ్చును. కాని అది సంగీతము కాదు బావా” అనెను. రెండవవాడు నవ్వలేదు. కొంతసేపు మాటాడలేదు. పరిహాసము హద్దు దాటినదని ఇద్దరికిని తెలిసినది.

పిమ్మట అతడు మెల్లగా, “కాదనుటకు హేతువేమి?” అని అడిగెను. ఈ ప్రశ్న మిక్కిలి విలువైనది. కోపమునకు బదులుగా హేతువును కోరినవాడు తగవును వాదముగా మార్చినవాడు.

“స్వరపరచి వ్రాసిన గ్రంథము లేదు. అట్టిది సంగీతమెట్లగును?”

“అట్లయిన నీవు మెచ్చు విద్వాంసుడు చేయు రాగాలాపన ముందుగా వ్రాసి పెట్టినదా?”

కామారెడ్డి మిత్రుడు తలగోకికొనెను. ఆలాపన మనోధర్మమున అప్పటికప్పుడు పుట్టునది. అది సంగీతము కాదనుటకు అతనికి నోరు రాదు. ‘వ్రాయబడనిది సంగీతము కాదు’ అను నియమము అతని ఇంటిలోనే తప్పినది. ఇట్లు తప్పిపోవు హేతువును తార్కికులు ‘సవ్యభిచారము’ అందురు. అతడు హేతువును మార్చి, “పోనిమ్ము, దానికి రాగతాళములు లేవు” అనెను. యక్షగాన ప్రతులను తెరచి చూచిన దరువులకు పైన రాగము పేరును, తాళము పేరును కనబడుట సామాన్యము. అనగా ఈ హేతువు అసలే లేనిది. దీనిని ‘అసిద్ధము’ అందురు.

రెండు మార్గములును మూసికొనిపోగా, ఓడినవారందరు పట్టు త్రోవను అతడును పట్టెను. “సరే బావా, ఎవరి సత్యము వారిది.”

“ఈ మాట అందరికిని సత్యమా, నీకు మాత్రమేనా?”

అందరికిని సత్యమన్నచో, అందరికిని వర్తించు సత్యమొకటి కలదని ఒప్పుకొన్నట్లే. తనకు మాత్రమేయన్నచో, ఎదుటివాడు దానిని లెక్కింపనక్కరలేదు. గ్రీసు దేశమున ప్రొటాగొరస్ అను పండితుడు మనుష్యుడే సర్వమునకును కొలబద్ద యనగా, ప్లేటో తన థియేటెటస్ అను సంవాదమున ఇట్టి ప్రశ్నతోనే ఆ మతమును పరీక్షించెను. ‘నాకు నచ్చలేదు’ అనుట వేఱు, ‘అది సంగీతము కాదు’ అనుట వేఱు. మొదటిదానికి సాక్ష్యము అక్కరలేదు. రెండవదానికి కావలెను. చిక్కంతయు మొదటిదానికి రెండవదాని వేషము వేయుటలోనే కలదు.

అట్లని రుచులన్నియు సమానమేనా? స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో రుచిని గూర్చి వ్రాసిన వ్యాసమున, డాన్ క్విక్సోట్ అను స్పానిషు నవలలోని ఒక కథను ఉదాహరించెను. ఒక పీపాలోని ద్రాక్షాసవమును ఇద్దరు పరీక్షించిరి. ఒకడు, బాగున్నది గాని తోలువాసన కొట్టుచున్నదనెను. రెండవవాడు, ఇనుపరుచి తగులుచున్నదనెను. అందరును వారిని చూచి నవ్విరి. పీపాను ఖాళీ చేయగా అడుగున తోలుపట్టెకు కట్టిన ఇనుప తాళపుచెవి దొరకినది! ఇతరులకు తెలియనిది ఆ యిద్దరి నాలుకలకు తెలిసినది. వారిది ఊహ కాదు. పీపాలో ఉన్నదే వారికి తెలిసినది.

కామారెడ్డి మిత్రుడు ఈ కథ విని, “అయితే నీ చిందులో నాకు వినబడనిది నీకేదో వినబడుచున్నదందువా?” అని అడిగెను. “పీపాను ఖాళీ చేసి చూడుము” అని జవాబు వచ్చినది. ఆ వారమే అతడు ఎల్లారెడ్డి బస్సు ఎక్కెను. ఇద్దరును చాపమీద కూర్చుండి తెల్లవారువరకు ఆట చూచిరి. మద్దెల దెబ్బకును అడుగునకును గల పొందిక వినుచు కామారెడ్డివాడు తనకు తెలియకయే తొడపై తాళము వేయసాగెను. రెండవవాడు చూచియు చూడనట్లుండెను.

ప్రొద్దున బస్సు కొఱకు నిలిచియుండగా అతడు, “మద్దెల దివ్యముగా నున్నది బావా. హార్మోనియము మాత్రము శ్రుతి తప్పినది” అనెను.

“తప్పినది హార్మోనియము కాదు, నీ చెవి.”

“శ్రుతి యనగా నీవు ఏ అర్థమున అనుచున్నావు?”

బస్సు వచ్చి పోయినది. వారిద్దరును అచ్చటనే ఉండిరి.