విండోస్ ఆటలకు లినక్స్‌లో దుబాసీ

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. ఇంట్లో పిల్లలు ఆడుకునే పాత కంప్యూటర్‌కు అవి లేకపోతే? 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చినప్పటి నుంచి నూజివీడులో కోడ్ రాసే పిల్లలకు కొదవ లేదు. వాళ్లనడిగితే విండోస్‌కు బదులు లినక్స్ వేసుకోమంటారు. అది ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. అంతా బాగానే ఉంది గానీ, విండోస్ కోసం చేసిన ఆటలు అందులో నడుస్తాయా?

నడిపించే దుబాసీ పేరు వైన్. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ విడుదల చేస్తే, 1993లోనే వైన్ పని మొదలైంది. అది చేసేదేమిటో చూడండి. ఆటను సేవ్ చేయగానే గేమ్ ‘సి డ్రైవ్‌లో ఈ ఫైలు తెరువు’ అని విండోస్ పద్ధతిలో అడుగుతుంది. లినక్స్‌లో సి డ్రైవే ఉండదు. వైన్ ఒక మామూలు ఫోల్డర్‌నే సి డ్రైవ్‌గా చూపించి, అడిగినదాన్ని లినక్స్ పద్ధతిలోకి మార్చి, లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌కు అందిస్తుంది. ప్రాసెసర్‌కు వెళ్లే ఆదేశాలు రెండిట్లోనూ ఒకటే కాబట్టి వాటిని మార్చే పని లేదు. అందుకే వేగం పెద్దగా తగ్గదు.

వైన్ 1.0 రావడానికి 2008 దాకా పట్టింది. అప్పటికీ బొమ్మల దగ్గర చిక్కే. విండోస్ ఆటలు డైరెక్ట్‌3డీ పద్ధతిలో దృశ్యాలు గీస్తాయి. వాటిని లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్ పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకేను ఫిలిప్ రెబోలే రాశాడు. వైన్‌ను, దీన్ని కలిపి వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో తన ఆటల దుకాణం స్టీమ్‌లో పెట్టింది. 2022లో అమ్మకానికి వచ్చిన ఆ కంపెనీ గేమింగ్ పరికరం స్టీమ్ డెక్‌లో విండోస్ ఆటలు నడిచేది దీని మీదే.

ఇక ఏ లినక్స్? ఒకే రకం టెంక మొక్క మీద బంగినపల్లి, చిన్నరసం దేన్నయినా అంటుకట్టినట్టు, ఒకే కెర్నల్ మీద రకరకాల లినక్స్‌లు తయారవుతాయి. ప్రోటాన్ దాదాపు అన్నిట్లోనూ పనిచేస్తుంది. కొత్తవాళ్లకు లినక్స్ మింట్ సులువు: స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ విండోస్ వాడినవాళ్లకు అలవాటైన చోటే ఉంటాయి, ఎన్విడియా కార్డుకు కావలసిన డ్రైవర్‌ను డ్రైవర్ మేనేజరే చూపిస్తుంది. కంప్యూటర్ కేవలం ఆటలకే అయితే ఫెడోరా ఆధారంగా చేసిన బజైట్ చూడొచ్చు.

ఒక్క మెలిక ఉంది. ఆటలో మోసాలు పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే ఏ దుబాసీ ఏమీ చేయలేదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లు విండోస్ వదలకండి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 వంటివాటికి లినక్స్ వెర్షన్లే ఉన్నాయి. మీవాడు ఆడే ఆట ఏదో ముందు తెలుసుకోండి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాన్నుంచే కంప్యూటర్‌ను నడిపి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా వైఫై, సౌండ్ చూసుకోండి. ఫొటోలు, ఫైళ్లు వేరేచోట దాచాకే ఇన్‌స్టాల్ నొక్కండి.