షేన్ తిరిగిన కొండల్లోకి... సకుటుంబ సపరివార సమేతంగా!

సినిమా యూనిట్ ఔట్‌డోర్‌కి బయల్దేరే ముందు ప్రొడక్షన్ మేనేజర్ చూసుకునే లెక్కలు వేరు. ఎవరి కాల్‌షీట్లు ఎన్ని రోజులున్నాయి? ఎండ ఏ వేళ ఎటునుంచి పడుతుంది? యూనిట్‌కి పడక, భోజనం ఎక్కడ? వానొస్తే ఏమిటి గతి? ఇవన్నీ తేలాకే లారీ కదులుతుంది. మన సంసారులు మాత్రం వేసవి టూరు అనగానే ముందు మ్యాపు పరుస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది!

పాతికేళ్ళు షూటింగుల వెంట తిరిగినవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పే అర్హత నాకు కొంచెం ఉందనే అనుకుంటున్నాను. కానీ నాకు అసలు జ్ఞానోదయమైంది స్టూడియోలో కాదు, బెజవాడలో మా అక్కగారింట్లో, దసరా సెలవుల్లో. డల్లాస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాల బల్లమీద ఓ కాగితం పరిచాడు. వచ్చే జూన్‌లో అమ్మానాన్నల్ని అమెరికా తీసుకెళ్ళి తొమ్మిది రోజుల్లో నాలుగు కొండ పార్కులు చూపిస్తాడట! కొలరాడోలో రాకీ మౌంటెన్, వయోమింగ్‌లో గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్, ఆపైన కెనడా సరిహద్దు దగ్గర గ్లేసియర్. గంటకి గంట లెక్క వేసి రాశాడు. చూడ్డానికి రైల్వే టైంటేబుల్‌లా ముచ్చటగా ఉంది.

బావగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అంతా చదివారు. ఆయనకి డెబ్బై నాలుగు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

"ఒరేయ్, ఈ టీటన్ కొండల దగ్గర ఎంతసేపు ఆగుతాం?"

"రెండు గంటలు నాన్నా. ఎల్లోస్టోన్‌కి వెళ్ళే దారిలోదేగా!"

"సరే" అని కాగితం మడిచి ఇచ్చేశారు. అంతే, ఇంకో మాట లేదు.

రాత్రి అక్క వంటింట్లోకి పిలిచి అసలు సంగతి చెప్పింది. కాలేజీ రోజుల్లో ఉదయం ఆటకి 'షేన్' మూడుసార్లు చూశారట మహానుభావుడు. 1953లో విడుదలైన బొమ్మ. జార్జ్ స్టీవెన్స్ దర్శకుడు, అలన్ లాడ్ హీరో. టీటన్ కొండల కిందనున్న జాక్సన్ హోల్ లోయలో తీశారు. కెమెరామన్ లాయల్ గ్రిగ్స్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిన ఆ కొండలు మా బావగారి బుర్రలో అప్పట్నుంచీ అలాగే ఉండిపోయాయి. "పిల్లాడికి భారమవుతుందని అడగరు. మళ్ళీ అంతదూరం వెళ్తామా తమ్ముడూ?" అంది.

మర్నాడు పొద్దున్న కాఫీ అవగానే మేనల్లుణ్ణి కూర్చోబెట్టి కాగితం మళ్ళీ తెరిపించాను.

కోత మొదలు

ముందు గ్లేసియర్ కొట్టేశాను. 'ది షైనింగ్' సినిమా మొదట్లో ఓ చిన్న కారు కొండదారి పట్టుకుని పోతూ ఉంటుంది చూడండి, ఆ దారి ఈ పార్కులోదే. పేరు గోయింగ్ టు ది సన్ రోడ్. అందం సంగతి అడగక్కర్లేదు. కాని పైన లోగన్ పాస్ దగ్గర మంచు తవ్వి దారి పూర్తిగా తెరిచేసరికి చాలా ఏళ్ళు జూన్ నెలాఖరో, జూలై మొదటి వారమో అవుతుంది. జూన్ రెండోవారంలో వెళ్ళి గేటుకి దణ్ణం పెట్టి రావాలా?

తర్వాత రాకీ మౌంటెన్. ఇదీ సినిమావాళ్ళకి తెలిసిన చోటే. పక్క ఊరు ఎస్టెస్ పార్క్‌లోని స్టాన్లీ హోటల్లో బస చేసినప్పుడే స్టీఫెన్ కింగ్‌కి 'షైనింగ్' కథ తట్టింది. అక్కడి ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. సముద్రమట్టానికి నాలుగైదు వందల అడుగుల ఎత్తున్న డల్లాస్ నుంచి పెద్దవాళ్ళని తీసుకొచ్చి మర్నాడే అక్కడ నిలబెడితే ఆయాసం, తలనొప్పి ఊరికే పోవు. ఎత్తుకి మెల్లిగా అలవాటు పడాలి.

"అంతదూరం వెళ్ళి రెండే చూసొస్తే జనం నవ్వుతారు మావయ్యా!" అన్నాడు వాడు.

"జనం రారురా. వచ్చేది మీ నాన్న."

అలా తేలింది: విమానంలో సాల్ట్ లేక్ సిటీ, అక్కణ్ణుంచి కారులో అయిదు గంటల్లో జాక్సన్. టీటన్‌లో మూడు రాత్రులు, ఎల్లోస్టోన్‌లో నాలుగు. ఊరు మారినకొద్దీ ఎత్తు కూడా మెట్టుమెట్టుగా పెరుగుతుంది.

గదుల గండం

హోటలు గది సంగతి అక్కడికెళ్ళి చూసుకుందాం అనే ధీమా ఈ పార్కుల్లో పనికిరాదు సుమండీ! ఎల్లోస్టోన్ లోపలి గదులకి ఏడాది ముందునుంచే జనం ఎగబడతారు. 2021లో ఒక్క సంవత్సరంలో 48 లక్షలకి పైగా సందర్శకులు వచ్చిన చోటది. పార్కు బయట ఊళ్ళో దిగితే గది దొరకొచ్చు, కాని రోజూ రానూ పోనూ కారులోనే సగం పగలు. లోపలి దారి ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్ళుంటుంది. వేగం 45 మైళ్ళు దాటకూడదు. పైగా దున్నలమంద రోడ్డెక్కిందంటే అది దిగేదాకా ఎవరి పప్పులూ ఉడకవు! అంచేత ఒకేచోట నాలుగు రాత్రులు కాకుండా, అంకె కింది సున్నాలో రెండు, పై సున్నాలో రెండు అని పంచుకున్నాం.

1904లో దుంగలతో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో రెండు రాత్రులకే చోటు దొరికింది, అదీ ఎవరో మానుకుంటే. గదిలో టీవీ లేదు. మనవడు మొదటి పూట అలిగాడు. రెండో పూటకి తాతయ్యతో పేకాటలో పడ్డాడు.

కాల్‌షీట్లు, ఎండలెక్క

మా యూనిట్ బావగారిది. ఆయన పూటకి గంటకి మించి నడవలేరు, మధ్యాహ్నం కునుకు తప్పదు. అయిదేళ్ళ మనవరాలి కాల్‌షీటు అంతకన్నా కష్టం! అంచేత రోజుకి ఒక పెద్ద దృశ్యం, ఒక చిన్నది. అంతకి మించి పెట్టలేదు.

ఎండలెక్క మాత్రం కెమెరామన్‌ని అడిగినట్టే వేసుకోవాలి. టీటన్ కొండలు లోయకి పడమట ఉన్నాయి. కనుక వాటి ముఖాన వెలుగు పడేది పొద్దున్నే. మధ్యాహ్నమైతే మబ్బులు, ఉరుములు. ఎల్లోస్టోన్‌లో గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడినీటి గుండానికి ఇది తిరగబడుతుంది. పొద్దున్న చలికి ఆవిరి కమ్మేసి ఏమీ కనిపించదు, ఎండ ముదిరాకే రంగులు తేలతాయి. జంతువులకి సాయంత్రం. ఇక ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఉంది చూశారూ, ఇంత క్రమశిక్షణగల తారని నేను ఇండస్ట్రీలో చూడలేదు! సుమారు గంటన్నరకోసారి నూరడుగులకి పైగా ఎగజిమ్ముతుంది. చుట్టూ బెంచీలున్నాయి. బావగారు వరసగా రెండాటలు చూసి మరీ లేచారు.

ఫోటోగ్రాఫర్లు మరీ సంతోషించాల్సిన ముచ్చట ఒకటుంది. 1871లో ఇక్కడికి వచ్చిన పరిశోధక బృందం వెంట విలియం హెన్రీ జాక్సన్ అనే ఫోటోగ్రాఫరూ, థామస్ మోరాన్ అనే చిత్రకారుడూ ఉన్నారు. వాళ్ళు పట్టుకెళ్ళిన బొమ్మలు చూపించాకే అమెరికా కాంగ్రెసుకి నమ్మకం కుదిరింది. 1872 మార్చి 1న ఇది ప్రపంచంలో మొదటి జాతీయ పార్కయింది. స్టిల్ ఫోటోగ్రాఫర్‌ని చిన్నచూపు చూసే నిర్మాతలు గమనించాలి! 1979 నాటి 'స్టార్ ట్రెక్' సినిమాలో వల్కన్ గ్రహంగా కనిపించేది కూడా ఇక్కడి మామత్ వేడినీటి మెట్లే.

ఆవకాయ, ఎలుగుబంటి

అక్క పులిహోర, ఆవకాయ సర్దింది. సర్దుకోండి, కాదనను. కాని తిన్నాక గిన్నెలూ డబ్బాలూ బయట వదిలారో, ఎలుగుబంటి వాసన పట్టేస్తుంది. తిండి సామానంతా కారులో పెట్టి తలుపులు వెయ్యాలని అక్కడ కచ్చితమైన నిబంధన. ఎలుగులకీ తోడేళ్ళకీ నూరు గజాల దూరం, దున్నలకి పాతిక గజాలు. దున్న సాధువులా మేస్తుంటే పక్కన నిలబడి ఫోటో దిగబోయి కొమ్ము పోట్లు తిన్నవాళ్ళున్నారు.

దానికన్నా ముఖ్యం పిల్లల చెయ్యి వదలకపోవడం. వేడి గుండాల దగ్గర చెక్కబాట దిగకూడదు. పైన గట్టినేలలా కనిపించేది పలచని పెచ్చు. ఆ గుండాల్లో కాలిపోయి ఇప్పటిదాకా ఇరవై మందికి పైగా చనిపోయారు.

సెల్‌ఫోను చాలాచోట్ల పలకదు. మ్యాపులు, మందులు, పెద్దవాళ్ళ ఇన్సూరెన్సు కాగితాలు చేతిలో ఉండాలి. జూన్ కదా అని స్వెట్టర్లు మరవకండి. అక్కడ ఏ నెలలోనైనా మంచు పడగలదు.

టిక్కెట్ల మాట. 2026 జనవరి నుంచి విదేశీయులకి వేరే ధర పెట్టారు. అమెరికాలో ఉండేవాళ్ళకి ఏడాది పాసు 80 డాలర్లయితే, విదేశీయులకి 250. పాసు లేకపోతే ఈ నాలుగు పార్కులతో సహా పదకొండింటిలో మామూలు రుసుముకి తోడు మనిషికి 100 డాలర్లు అదనం. ఊరినుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకునేవాళ్ళు ముందే లెక్క చూసుకోవాలి.

ఖాళీ రోజు

మా మేనల్లుడికి బొత్తిగా నచ్చనిది నేను పెట్టిన ఖాళీ రోజు. "ఊరికే ఎందుకు మావయ్యా?" అన్నాడు. 2022 జూన్‌లో ఎల్లోస్టోన్‌కి వరద వచ్చి రోడ్లు కొట్టుకుపోయి, పదివేల మందికి పైగా సందర్శకుల్ని బయటికి పంపి పార్కు మొత్తం మూసేశారు. ఖాళీ రోజు వరదనేం ఆపదనుకోండి, కాని చిన్న వానకి మాత్రం పనికొస్తుంది.

మాకు పనికొచ్చింది! టీటన్‌లో మొదటి పొద్దున్న అయిదింటికే అందరం లేచి వెళ్తే ఎదురుగా మబ్బు తెర తప్ప ఏమీ లేదు. గంటసేపు కారులో కూర్చున్నాం. బావగారు "పోనీలేరా, చూసినట్టేలే" అన్నారు. పాత కాగితం ప్రకారమైతే ఆ పూటతో ప్యాకప్పే.

రెండో పొద్దున్న ఆయన్నీ మనవణ్ణీ మాత్రం లేపాం. పాత చెక్క కొట్టాం ముందు మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ముందు కొసన ఒక్క గులాబీ చుక్క. అది మెల్లిగా కిందికి జారుతూ మంచు, రాయి, అడవి ఒక్కొక్కటే వెలిగాయి. లోయలోంచి నిటారుగా ఏడువేల అడుగుల గోడ! ముందు గుట్టలూ లేవు, మెట్టలూ లేవు.

బావగారు ఏమీ అనలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తాతయ్యా, సినిమాలో ఆ హీరో ఎటునుంచి వస్తాడు?" అన్నాడు మనవడు.

ఆయన చెయ్యెత్తి కొండలకేసి చూపించి కథ మొదలెట్టారు. మొదటి రీలు నుంచీ, ఒక్క షాటు వదలకుండా. నేను ఫ్లాస్కు మూత తీశాను. ఫైటింగు సీను దాకా వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది.