రాకెట్టు ఇంధనం చేసే పని ‘సి’ విటమిన్ చేసింది

గూడూరు, సైదాపురం ప్రాంతాల వారికి అభ్రకం గురించి వేరే చెప్పనక్కరలేదు. గని నుంచి వచ్చిన దిమ్మలను షెడ్లలో ఆడకూలీలు కత్తితో పొరలు పొరలుగా చీల్చేవారు. పెన్సిల్‌తో రాస్తే కాగితానికి అంటుకునే నల్లటి గ్రాఫైటుదీ అదే గుణం. అందులో ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను గ్రాఫీన్ అంటారు.

2004లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గైమ్, నొవొసెలోవ్ అతుకు టేపుతో ఈ పొరను ఊడదీశారు. 2010లో నోబెల్ బహుమతి పొందారు. ఇది కరెంటును చక్కగా పారనిస్తుంది. ఉక్కును మించిన గట్టిది. బ్యాటరీల తయారీకి పనికివస్తుంది.

అయితే టేపుతో లాగితే వచ్చేది రవ్వంతే. ఎక్కువ కావాలంటే రసాయనాలే దారి. గాఢ గంధకికామ్లం, పొటాషియం పర్మాంగనేటుతో గ్రాఫైటుకు ఆక్సిజన్ పట్టిస్తే పొరలు ఎడమై నీళ్లలో విడిపోతాయి. ఇదే గ్రాఫీన్ ఆక్సైడ్. చిక్కేమంటే, ఇది కరెంటును పారనివ్వదు. పట్టిన ఆక్సిజన్‌ను మళ్లీ వదిలించాలి. దీనినే క్షయకరణం అంటారు.

ఇందుకు ఎక్కువగా వాడింది హైడ్రజిన్. పులికాట్ అవతల శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రాకెట్టు రెండో అంచె ఇంధనం ఈ కుటుంబానిదే. పని బాగా చేస్తుంది గానీ, ఇది విషం. ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు, కాలేయానికి చేటు. రాకెట్టు కేంద్రంలో రక్షణ దుస్తులు ధరించి దీనిని ముట్టుకుంటారు. చిన్న కార్ఖానా కూలీకి ఆ రక్షణ ఎవరిస్తారు?

దీనికి 2010లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు ఒక జవాబు చూపారు. హైడ్రజిన్‌కు బదులు ‘సి’ విటమిన్ వాడి, దాదాపు అంత ఫలితమూ సాధించారు. నిమ్మకు పేరుపడిన గూడూరు వారికి ఇది తెలిసిన సరుకే. నీళ్లలోనే కాక డీఎంఎఫ్, ఎన్‌ఎంపీ వంటి కర్బన ద్రావణుల్లోనూ ఈ పని జరిగింది. ఆ ద్రావణుల్లో పొరలు తిరిగి ముద్దకట్టకుండా విడివిడిగా నిలవడం విశేషం. బ్యాటరీ పూతలకు కావలసింది అదే.

అలాగని నిమ్మరసం పిండితే గ్రాఫీన్ రాదు. వాడేది శుద్ధిచేసిన విటమిన్. పైగా ఆ ద్రావణులూ నిరపాయకరం కావు. ఎన్‌ఎంపీ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఒక విషం తప్పింది, మరొకటి మిగిలింది.

అభ్రకం ధూళి ఊపిరితిత్తులను ఎంత దెబ్బతీస్తుందో ఈ ప్రాంతం ఎరుగును. రేపు కొత్త పొరల పరిశ్రమ వస్తే, ఎంత జీతమని అడిగే ముందు ఏ మందు వాడతారని అడగడం మంచిది.