పలనాటి కృష్ణవేణి

నిత్యపూజలో సంకల్పము చెప్పుకొనునపుడు మనము శ్రీశైలమునకు ఈశాన్యమున, కృష్ణా కావేరుల నడిమి దేశమున ఉన్నామని విన్నవించుకొనుచున్నాము. కావేరి మనకు దూరము. కృష్ణ మాత్రము మాచర్ల, గురజాల సీమలకు ఉత్తరపు హద్దుగా ప్రవహించుచున్నది. అనుదినము పేరు తలచు నదిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము.

క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు ఈ తీరమున విజయపురిని రాజధానిగా చేసికొనిరి. వంశకర్త వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. నాగార్జునకొండ అనగానే బౌద్ధస్తూపములు స్ఫురించుట సహజమే. కాని అచ్చట కార్తికేయునకు, సర్వదేవునకు, అష్టభుజస్వామికి ఆలయములుండెను. అష్టభుజస్వామి యనగా మన నారాయణుడే. అభీర వసుషేణుని 30వ పాలనా వత్సరపు శాసనము ఆ స్వామిది మేడికొయ్య మూర్తియనియు, స్వామి తన స్థానము నుండి చలింపలేదనియు పేర్కొనుచున్నది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని యెరిగి, 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున త్రవ్వకములు సాగించిరి. 1967లో కాలువలకు నీరు విడువబడినది. పలనాటి మెట్టచేలకు నీరందినది. ఆలయములున్న లోయ జలగర్భమున కలిసినది. కొన్ని కట్టడములను మాత్రము కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. వానిలో నాటి స్నానఘట్టమొకటి. నది యొడ్డున స్నానమునకు వేసిన మెట్లు నేడు కొండమీద చూడవలసివచ్చుట విచిత్రమే!

సాగరమునకు దిగువన చంద్రవంక కృష్ణలో కలియును. మాచర్ల లక్ష్మీచెన్నకేశవస్వామి సన్నిధిని పారు ఏరే యిది. ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకును. అచ్చట దత్తాత్రేయస్వామి ఆలయమును, మొసళ్ల సంరక్షణ కేంద్రమును కలవు. మొసలిని చూచి రాళ్లు రువ్వువారు గజేంద్రమోక్షము సరిగా వినలేదని మా అభిప్రాయము. దేవలముని శాపముచే మకరియైన హూహూ గంధర్వుడు కూడ ఆ చక్రధారచేతనే విముక్తుడయ్యెను గదా. ఎగువ నల్లమల అడవి దేశములోకెల్ల విశాలమైన పులుల అభయారణ్యములోనిది. పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, దుప్పి దాహమునకు దిగునది ఈ కృష్ణకే.

పూర్వము పుట్టిలపై, పడవలపై నది దాటెడివారు. నేడు పొందుగుల వద్ద నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారి వంతెనయు, సమీపముననే రైలు వంతెనయు కలవు. ఆవలి యొడ్డున వాడపల్లిలో అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు వెలసియున్నారు. మూసీ కృష్ణలో కలియు సంగమమది. వంతెనపై నుండి చేతులు జోడించువారు మూసీ ఎచ్చటనుండి వచ్చుచున్నదో తలచుకొనవలెను. హైదరాబాదు నగరపు మురుగును మోసికొని వచ్చు నీరది. దానిని శుద్ధి చేసి విడువుడని అడుగుట నాస్తికత్వము కాదు. దిగువ రేవులలో మునుగు మన బిడ్డల ఆరోగ్యమునకు సంబంధించిన మాట.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు జరిగినవి. గురుడు కన్యారాశిని ప్రవేశించు 2028లో మరల పుష్కరములు. రేవునకు వచ్చు భక్తులు విడిచిన వస్త్రములను, నిర్మాల్యమును, ప్లాస్టిక్ సంచులను నీట వదలక గట్టుననే వేయవలెను. మొసళ్లున్నవని హెచ్చరించిన చోట చెంబుతో నీరు పోసికొన్నను చాలును, స్నానఫలము తగ్గదు.