నీళ్ళు పోయే దారి

కోనసీమలోని మా ఉప్పలగుప్తం మండలంలో ఎక్కడ తవ్వినా రాయి తగలదు. పైన ఒండ్రు, కింద ఇసుక, ఇంకా దిగితే ఉప్పునీరు. ఇల్లు కట్టేవాళ్ళు పునాది రాయి కూడా బయటినుంచి తెప్పించుకోవలసిందే. ఈ నేలంతా గోదావరి మోసుకొచ్చి పోసినది. ఆరు వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే ఎంతో లోపలికి ఉండేదట. అది వెనక్కి జరుగుతూ వదిలిన ఇసుక దిబ్బలు కోనసీమలో నేటికీ తీరానికి సమాంతరంగా కనిపిస్తాయి. ఆ మెరకల మీద ఇళ్ళు, కొబ్బరితోటలు. మధ్య పల్లాల్లో వరిచేలు.

సాంఘికశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలకు నార్వే పటం చూపించేవాణ్ణి. అక్కడ ఊట్సిరా అనే రాతి దీవి ఉంది. మంచుయుగపు బరువు తీరిపోయాక నార్వే నేల చాలాచోట్ల ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తూనే ఉంది. మా నేల తీరు వేరు. ఒండ్రు తన బరువుకు తానే కుంగుతుంది. ఏటా కొత్త ఒండ్రు వచ్చి పడితేనే ఎత్తు నిలుస్తుంది. 1970లలో గోదావరి ఏటా సుమారు 14.5 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. ఎగువన ఆనకట్టలు పెరిగి, 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఈ లెక్క కోనసీమలో ప్రతి రైతుకూ తెలియాలి.

కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన విగ్రహం లేని ఊరు మా వైపు అరుదు. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ నీరు తెచ్చిన కథ చెప్పుకున్నంతగా, నీరు బయటికి పంపే కథ మేము చెప్పుకోలేదు. మావి శివారు భూములు. కాలువ నీరు అందరికంటే ఆఖరున మాకు చేరుతుంది. ముంపు నీరు మాత్రం ఎగువ చేలన్నీ దాటి మా మీదికే వస్తుంది.

ఆ నీటిని సముద్రంలో కలిపేవి కూనవరం డ్రెయిన్ లాంటి మురుగుకాలువలు. వేసవిలో వాటిలో పారుదల పలచబడుతుంది. కెరటాలు తీరం వెంట ఇసుకను తోసి, కాలువ సముద్రంలో కలిసే మొగను పూడ్చేస్తాయి. పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కుతుంది. పైగా గుర్రపుడెక్క. వానలు పడ్డాక నీరు వెళ్ళడానికి దారి ఉండదు, నారుమడి రోజుల తరబడి మునిగి కుళ్ళిపోతుంది. తుపాను అక్టోబరు, నవంబరుల్లో వస్తే పండిన వెన్నే నీళ్ళలో మొలకెత్తుతుంది. అప్పులు తెచ్చి నాటిన రైతు గట్టు మీద నిలబడి ఆ చేను చూడటం కంటే దుఃఖం ఇంకొకటి నాకు తెలియదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. మా పక్కనున్న కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కోనసీమ అంతటా కొబ్బరిచెట్లు కూలిపోయాయి. కొబ్బరి తిరిగి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ కాలంలోనే రొయ్యల చెరువులు పెరిగాయి. వరి కంటే రాబడి ఎక్కువ కనక తవ్వినవాళ్ళను తప్పుపట్టలేను. కానీ చెరువు పక్క చేను చౌడు పట్టిపోతే ఆ చేనువాడికి జవాబు చెప్పేదెవరు?

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా చేలు బీడు పెట్టారు. పంట విరామం పేరు దేశమంతా వినపడింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు ధర, కూలీల ఖర్చుతో పాటు పూడిన డ్రెయిన్లూ రైతుల గోడులో ఉన్నాయి. 2022లోనూ కోనసీమలో అదే మాట మళ్ళీ లేచింది.

ఆ ఏడే డెల్టాకు జూన్ 1నే నీరు వదిలారు. ముందుగా నాటితే తుపాన్లకు ముందే కోత అవుతుందని లెక్క. మంచి లెక్కే. అయితే కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లోనే డ్రెయిన్ల పూడిక తీసి, మొగలు తెరవాలి. గొల్లవిల్లి, చల్లపల్లి, ఎస్.యానాం రైతులకు జూన్ నీటితో పాటు మే నెల పని కూడా కావాలి.