తలుపు మూసి యాప్ చూపిస్తే

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఫోన్ బ్రౌజర్‌లో ఇన్‌స్టాగ్రామ్ లింకు తెరిస్తే, నాలుగు ఫొటోలు చూసేలోపే లాగిన్ అవ్వమనో, యాప్‌లో తెరవమనో తెర అడ్డొస్తుంది. ఫేస్‌బుక్ అయితే 2016లోనే మొబైల్ వెబ్‌సైట్‌లో మెసేజీలు ఆపేసి, మెసెంజర్ యాప్ వేసుకోమంది. బ్రౌజర్‌లో కుకీలు తుడిచేయొచ్చు, ప్రకటనలు ఆపుకోవచ్చు, పేజీ మూస్తే పని అయిపోతుంది. యాప్ అలా కాదు. ఫోన్‌లో తిష్ఠ వేసి నోటిఫికేషన్లతో పిలుస్తూనే ఉంటుంది, కాంటాక్టులు, లొకేషన్ అడుగుతుంది. కంపెనీలకు కావలసింది ఆ పట్టేనని నా నమ్మకం.

యాప్ వేగంగా నడుస్తుంది, కెమెరా సాఫీగా పనిచేస్తుంది అంటారు. నిజమే. అంత మేలైనదైతే జనమే వేసుకుంటారు కదా, వెబ్ దారి మూయడం ఎందుకు? బట్టలమ్మే మింత్రా 2015 మేలో వెబ్‌సైట్ మూసి యాప్‌కే పరిమితమైంది. ఏడాది తిరిగేసరికి, 2016 జూన్‌లో, కంప్యూటర్ సైట్‌ను మళ్లీ తెరిచింది. మెమరీ నిండిన ఒక్క ఫోన్‌నే ఇంటిల్లిపాదీ వాడుకునే గురజాల పల్లెల్లో యాప్ వేసుకోమనే ఈ ఒత్తిడి మరీ బరువు: కొత్త యాప్ రావాలంటే పిల్లల ఫొటోలు పోవాలి. వేరే దారి ఉంచితే యాప్ మేలే: 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఊళ్లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లే దారి పక్కనే తెరిచి ఉంది కాబట్టే అది సౌకర్యం.