క్షిపణికి దూరం పెరిగిన కొద్దీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్‌తో సంబంధం లేని వాడను వెదకడం కష్టం. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణ ప్రజలు చెప్పుకున్న మూడు దారులలో మూడవది నేటికీ ఈ ఇళ్ళకు అన్నం పెడుతున్నది. అందువల్ల టీవీలో ‘క్షిపణి’ అన్న మాట వినబడగానే ఇక్కడి తల్లి చేయి ఫోను వైపు సాగుతుంది. ఆ తల్లిని కలవరపెట్టే ఆయుధం గురించి కొంత తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

పైలట్ లేని చిన్న విమానం

బాలిస్టిక్ క్షిపణి విసిరిన రాయి వలె పైకి లేచి, వంపు తిరిగి పడుతుంది. క్రూయిజ్ క్షిపణి అలా కాదు. గాలిని పీల్చుకునే ఇంజనుతో, ఉపగ్రహ సంకేతాలతో దారి సరిచూసుకుంటూ ఎగురుతుంది. నేలకు దగ్గరగా వస్తే రాడార్‌కు ఆలస్యంగా గాని చిక్కదు. దానిని యుద్ధ విమానం నుండి వదిలితే ఆరంభపు ఎత్తును, వేగాన్ని విమానమే ఇస్తుంది. పైలట్ శత్రువు రక్షణ వలయంలో అడుగు పెట్టకుండానే వెనుదిరగగలడు.

1944లో జర్మనీ వి-1 క్షిపణులను విమానాల నుండి కూడా ఇంగ్లండు మీద వదిలింది. 1991 జనవరి 16న అమెరికాలోని లూసియానా నుండి బయలుదేరిన ఏడు బి-52 విమానాలు ఇరాక్‌పై 35 క్షిపణులను వదిలి, సుమారు 35 గంటల ప్రయాణం ముగించి స్వస్థలానికి చేరుకున్నాయి. అంతకు కొన్ని నెలల ముందే, కువైట్ ఆక్రమణ వల్ల, 1,70,000 మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశానికి తరలించవలసి వచ్చింది.

హైదరాబాదు పాత్ర

1982లో ఏ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధనాశాల డి.ఆర్.డి.ఎల్.కు సంచాలకులయ్యారు. మరుసటి ఏడు దేశ సమగ్ర క్షిపణి కార్యక్రమం ఆరంభమైంది. 1998 ఫిబ్రవరి 12న రష్యాతో కుదిరిన ఒప్పందం నుండి బ్రహ్మోస్ జన్మించింది. ఆ క్షిపణుల కూర్పు కేంద్రం హైదరాబాదులోనూ ఉన్నది.

విమానానికి తగినట్లు దాని బరువును సుమారు రెండున్నర టన్నులకు తగ్గించారు. 2017 నవంబరు 22న సుఖోయ్-30 విమానం నుండి తొలిసారి బంగాళాఖాతంలోని లక్ష్యంపై ప్రయోగించారు. తొలుత 290 కిలోమీటర్లుగా ఉన్న దూరం, 2022 డిసెంబరు 29 నాటి పరీక్షలో దాదాపు 400 కిలోమీటర్లకు పెరిగింది. అది జగిత్యాల నుండి హైదరాబాదుకు పోయి వచ్చేంత దూరం. ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగంతో పోయే ఈ క్షిపణికి అది సుమారు ఎనిమిది నిమిషాల పని.

ఎనిమిది నిమిషాలలో పొరపాటును దిద్దుకోగలమా? 2022 మార్చి 9న మన దేశపు క్షిపణి ఒకటి పొరపాటున వెలువడి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ వద్ద పడింది. దైవకృప వల్ల ఎవరూ మరణించలేదు. విచారణ అనంతరం ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు.

అదే ఏడాది జనవరి 17న అబూధాబీపై డ్రోన్లు, క్షిపణులతో దాడి జరిగింది. ముసఫ్ఫాలో ఇంధన ట్యాంకర్లు పేలి ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ మరణించారు. వారు పొట్ట కూటికై సముద్రం దాటిన శ్రామికులు. రెండు దేశాల ఇళ్ళలో ఒకే రోజున ఒకే ఏడుపు వినబడింది.

దేశ రక్షణకు ఆయుధం అవసరమే, మేము కాదనము. కాని వదిలేవాడికీ పడేచోటికీ నడుమ దూరం పెరిగిన కొద్దీ, అక్కడి ముఖాలు అతనికి కనబడవు. కనబడని ప్రాణానికి కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుందన్న భయమే అప్పుడు మనిషిని అదుపులో ఉంచగలదు.

అగ్ని క్షిపణికై రూపొందిన తేలికపాటి పదార్థంతో, హైదరాబాదు నిమ్స్‌లోని పోలియో పిల్లల కాలి ఊతలను కలాం బృందం తయారుచేసింది. 3 కిలోలకు పైబడిన బరువు 300 గ్రాములకు తగ్గింది. పిల్లలు పరుగెత్తారు, తల్లులు కంటతడి పెట్టారు. తన జీవితంలో మిక్కిలి ఆనందమిచ్చిన పనులలో దానిని కలాం ఒకటిగా చెప్పుకునేవారు. విజ్ఞానశాస్త్రం చదువుతున్న మన పిల్లలకు క్షిపణి వేగంతో పాటు ఈ సంగతినీ చెబుదాము.